లోవరాజుకు నీళ్ళు

గుంటుపల్లి కొండనీ హోప్ ఐలాండునీ ఒకే టూరులో కలిపేయడం నా తెలివే. మొదటిరోజు కొండమీద బౌద్ధుల గుహలు, రెండోరోజు సముద్రంలో దీవి, తాబేళ్ళు, పక్షులు. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం ఏమిటని అడిగినవాళ్ళకి, "రెండింటికీ మధ్యలో రాజమండ్రి భోజనం ఉందండీ" అని చెప్పేవాణ్ణి. హిస్టరీలో ఎమ్మే చదివి, ఉద్యోగం రాక, బస్సు ముందుభాగంలో మైకు పట్టుకుని నిలబడ్డవాడికి ఆమాత్రం వెటకారం ఉంటుంది. రెండువేల ఏళ్ళనాటి రాతిగుహ చూపిస్తుంటే, "ఇక్కడ కాఫీ దొరకదా అండీ ఫణీంద్రగారూ" అని అడిగే జనంతో ఏళ్ళ తరబడి వేగితే ఎవరికైనా వస్తుంది.

ఆ యేడు, అంటే రెండువేల నాలుగులో, రథసప్తమి వెళ్ళాక వేసిన టూరుకి జనమంతా భీమవరం వైపువాళ్ళే. రొయ్యల చెరువులున్న విశ్వనాథరాజుగారు తన బంధువర్గాన్ని సగం బస్సుకి ఎక్కించేశారు. మిగతా సగం ఆయన స్నేహితులు. వాళ్ళ మధ్య, డ్రైవరు వెనకసీట్లో, ఇద్దరు ఆడవాళ్ళు. సముద్రం ఒడ్డున, భైరవపాలెం దగ్గర్లో ఒక చేపలవాళ్ళ పల్లె వాళ్ళది. పెద్దావిడ మసేనమ్మ, ఆమె కోడలు సత్యకుమారి.

వాళ్ళు ముందువారం నా ఆఫీసుకి వచ్చినప్పుడు నేను విసుక్కున్నాను.

"మాకు కొండొద్దు బాబూ, దీవి చాలు" అంది మసేనమ్మ.

"అలా కుదరదమ్మా. లాంచీ, ఫారెస్టువాళ్ళ పర్మిషను, అంతా గుంపు మొత్తానికి కలిపే. అయినా మీ ఇంటిముందు నిలబడితే కనిపించే దీవికి రాజమండ్రి వచ్చి టూరు కట్టించుకోవడం ఏంటి? మీ ఊళ్ళో ఏ పడవవాణ్ణి అడిగినా తీసుకెళ్ళడా?"

ముసలావిడ నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "వేటపడవ ఆడది ఎక్కకూడదు బాబూ. వల కూడా ముట్టుకోం. మేం ఎక్కితే గంగమ్మకి కోపం. మీదైతే లాంచీ కదా, వేటకెళ్ళేది కాదు కదా" అంది.

సరే, కొండ కూడా ఎక్కుతామని ఒప్పుకున్నారు. దీవిలో వాళ్ళకేం పనో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

అది బస్సులో, కొవ్వూరు దాటాక తెలిసింది. విశ్వనాథరాజుగారి భార్య లక్ష్మీనరసమ్మగారు మంచి మనిషి. పక్కసీట్లో ఎవరు కూర్చున్నా వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుని, చేతిలో జంతిక పెడితేగాని ఆవిడకి ప్రయాణం చేసినట్టుండదు. అలాగే సత్యకుమారికీ పెట్టి, "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

"వేటకెళ్ళాడండి" అంది సత్యకుమారి.

"ఎప్పుడొస్తారు?"

ఆ పిల్ల కిటికీవైపు తిరిగింది. పిల్ల అంటున్నానుగానీ ముప్పై దాటి ఉంటాయి. నుదుట కాసంత బొట్టు, చేతులనిండా గాజులు. అత్తగారే చెప్పింది. "వెళ్ళి ఏడేళ్ళయిందండి. తొంభయ్యారు తుపానులో వెళ్ళాడు మా లోవరాజు. బోటు ఆ దీవి దాపులో కనపడిందని, ఈదుకొచ్చినోళ్ళు చెప్పారు. ఆపైన ఏమీ లేదు."

లక్ష్మీనరసమ్మగారి చేతిలో జంతికల డబ్బా అలాగే ఉండిపోయింది. వెనకనుంచి విశ్వనాథరాజుగారు, "ఆ తుపానులో మాకూ పోయిందమ్మా, చెరువులన్నీ కలిసిపోయి రొయ్యంతా కొట్టుకుపోయింది" అన్నారు, ఓదారుద్దామనే. ఆయన భార్య వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశారు. ఆయన కొండ దాకా మళ్ళీ నోరెత్తలేదు. టూరులో నేను ఎన్నడూ ఎరగని ప్రశాంతత అది.

మసేనమ్మ దాపరికం లేని మనిషి. మొదలుపెట్టాక అంతా చెప్పింది. ఆవిడకి ఒక్కడే కొడుకు. మొగుడు ఎప్పుడో పోయాడు. శవం దొరక్కపోతే వాళ్ళలో కర్మ చేయరు. ఏడేళ్ళు నిండాక కులపెద్దలు కూర్చుని, ఇంక లేనట్టే అనుకుని నీళ్ళు వదలొచ్చు అన్నారు. కానీ మనిషి మునిగినచోట వదలాలి, పెళ్ళాం ఎదురుగా నిలబడి సరేననాలి. ఆ రెండోదే కుదరడం లేదు.

"ప్రతి అమావాస్యకీ నా కొడుకు ఆకలితో తిరుగుతుంటాడండి. నాకు నిద్రలో అగుపడతాడు. అమ్మా దాహం అంటాడు. నేను పోయేలోపు వాడి దాహం తీర్చి పోవాలి. ఇది ఒప్పుకోదు. నీళ్ళు వదిలితే చంపేసినట్టేనంటది."

"చంపేసినట్టే మరి" అంది సత్యకుమారి కిటికీలోంచి చూస్తూనే. "మావ లేడని నువ్వు చూశావా? నేను చూశానా?"

"విన్నారా? ఇదీ వరస. ఇప్పుడు ఒక్క మాట మీద బయల్దేరామండి. దీవంతా దాని కళ్ళతో చూస్తదంట. వాడి జాడ ఏదైనా దొరికితే సరి. దొరక్కపోతే నేను చెప్పినట్టు నీళ్ళు వదలనిస్తానంది."

"మాటిచ్చాను, తప్పను" అంది కోడలు.

నాకు మైకు పట్టుకోబుద్ధి కాలేదు. కామవరపుకోట వచ్చేదాకా బౌద్ధమతం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. జనం కూడా అడగలేదు, ఆ విషయంలో వాళ్ళు ఎప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టరు.

గుంటుపల్లి కొండకి మెట్లున్నాయి. రాజుగారి బంధువులు సగంలోనే కూలబడితే, మసేనమ్మ చేపలగంప మోసిన మెడతో నిటారుగా ఎక్కేసింది. పైన కొండని తొలిచిన గుండ్రటి గుహ ఉంటుంది, నడుమ రాతిస్తూపం. ఊళ్ళవాళ్ళు దాన్ని ధర్మలింగేశ్వరుడని మొక్కుతారు. అది శివలింగం కాదని చెప్పడమే నా ఉద్యోగంలో సగం. మసేనమ్మ కొంగు తలమీదకి లాక్కుని, స్తూపం చుట్టూ తిరిగి, రాతికి నుదురు ఆనించింది. ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. ఆవిడ మొక్కేది ఎవరికైతేనేం.

గుహ దాటి వస్తే గట్టుమీద చిన్న చిన్న స్తూపాలు బోలెడు. రాతివి, ఇటుకలవి, కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషెత్తు. పెద్ద పెద్ద భిక్షువులు పోతే వాళ్ళ అస్థికలు పెట్టి కట్టేవారని, మొక్కుకున్నవాళ్ళు కట్టించినవి కూడా ఉంటాయని చెప్పాను.

"అన్నిట్లోనూ ఎముకలుంటాయా బాబూ?" అని మసేనమ్మ అడిగింది. టూరులో కాఫీ గురించి కాక వేరే ప్రశ్న విని ఎన్నాళ్ళయిందో.

"లేదమ్మా. కొన్నిట్లో ఏమీ ఉండదు. ఎముకలు దొరక్కపోయినా, మనిషిని తలుచుకుని కట్టేవాళ్ళు."

ఆవిడ కోడలివైపు తిరిగింది. "విన్నావా? ఏమీ దొరక్కపోయినా చేస్తారు. లోకంలో ఉన్నదే."

సత్యకుమారి ఒక స్తూపం పక్కన చేయి ఆనించి నిలబడి ఉంది. కొండకింద మామిడితోటలు, ఆ వెనక పొగమంచు. "వాళ్ళకి పోయారని తెలుసు కాబట్టి కట్టారు. తెలీకుండా కట్టలేదు కదండీ?" అని నన్ను అడిగింది.

ఆ రాళ్ళ గురించి చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. తెలీదమ్మా అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. నేను తెలీదన్నందుకు సంతోషించినట్టే అనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి నుంచి బయల్దేరాం. కడియం నర్సరీల దగ్గర ఆపితే లక్ష్మీనరసమ్మగారు సన్నజాజి మొక్కలు కొని, ఒకటి సత్యకుమారి ఒళ్ళో పెట్టారు. "ఇంటిముందు వేసుకోమ్మా" అన్నారు. "ఉప్పునేలండీ మాది, బతకదు" అంది ఆ పిల్ల. అయినా తీసుకుంది.

కాకినాడ జెట్టీలో లాంచీ సిద్ధంగా ఉంది. జనం తోసుకుంటూ ఎక్కేశారు. మసేనమ్మ మాత్రం చెక్కమీద కాలు పెట్టకుండా ఆగిపోయింది. వంగి లాంచీ అంచుని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. అరవై దాటిన మనిషి, సముద్రం పక్కన పుట్టి, సముద్రం పక్కన కాపురం చేసి, మొగుణ్ణీ కొడుకునీ దానిమీదకి పంపిన మనిషి, నీళ్ళమీద అడుగు పెట్టడం అదే మొదటిసారి. నేను చేయి అందించాను. ఆవిడ అది పట్టుకుని ఎక్కింది.

మడ అడవుల పక్కనుంచి లాంచీ వెళ్ళింది. కొంగల్నీ, బురదలో గెంతే చేపల్నీ చూపించాను. ఒడ్డున నీటికుక్క ఒకటి తలెత్తి చూసి మునిగిపోతే పిల్లలు కేరింతలు కొట్టారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాక అల పెద్దదైంది. రాజుగారి బంధువులు వరసగా లాంచీ పక్కకి వంగి పొద్దుటి ఇడ్లీలు సముద్రానికి సమర్పించుకున్నారు. సత్యకుమారి ముందుభాగంలో కూర్చుని, రెండు అరచేతులూ చెక్కమీద పరిచి పెట్టింది.

"ఎప్పుడూ ఇలాగే ఊగుతుందాండీ?" అంది.

"ఈవేళ తక్కువే" అన్నాడు లాంచీ అతను.

"మావ ఇంటికొచ్చి పడుకున్నా కూడా, మంచం ఊగుతున్నట్టుంది సత్యా అనేవాడు. నేను నవ్వేదాన్ని, తాగొచ్చావా అని." చెక్కని ఒకసారి తడిమింది. "ఇదేనన్నమాట."

దీవి పెద్దదేం కాదు. ఒకవైపు ఇసుక, ఒకవైపు మడ చెట్లు, మధ్యలో కొన్ని చేపలవాళ్ళ గుడిసెలు, సరుగుడు మొక్కలు. తాబేలు రాత్రి వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిన చారలు ఇసుకలో చూపిస్తుంటే జనం చుట్టూ మూగారు. అత్తాకోడళ్ళు ఆగలేదు. సత్యకుమారి ఒడ్డువెంట నడుస్తోంది, చూపు ఇసుకమీదా గుడిసెలమీదా. గుడిసెల దగ్గర ఉన్న ప్రతి మగవాడి ముఖంలోకీ చూసింది. ఒకాయనైతే చుట్ట తీసేసి, "ఎవరు కావాలమ్మా" అని అడిగాడు. తల అడ్డంగా ఊపి ముందుకి సాగింది. వెనకాల ముసలావిడ, కొంగులో నువ్వులూ బియ్యమూ మూటతో. జనాన్ని విశ్వనాథరాజుగారికి అప్పగించి నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వెళ్ళకుండా ఉండలేకపోయాను.

దీవి చివర్లో ఒక తాబేలు చచ్చిపడి ఉంది. ఆ కాలంలో మామూలే, వలల్లో పడి ఊపిరాడక పోతాయి, అల తెచ్చి పడేస్తుంది. సత్యకుమారి దాని దగ్గర ఆగింది.

"చూశావా అత్తా. సముద్రం దీన్ని కూడా ఒడ్డుకి తెచ్చేసింది. చెప్పు తెగితే చెప్పు తెస్తది. తెడ్డు, కుండ, బుంగ, అన్నీ తెస్తది. ఏడేళ్ళు పొద్దున్నే లేచి మన ఒడ్డంతా తిరిగాను. మావది గుడ్డపీలిక రాలేదు. ఉంటే తేదా? తేలేదంటే ఆయన అందులో లేడు. ఇంకెక్కడో ఉన్నాడు."

ఏడేళ్ళుగా ఆ మనిషి దేన్ని పట్టుకుని బతుకుతోందో నాకప్పుడు అర్థమైంది. అది పిచ్చి కాదు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

చుట్ట కాల్చుకుంటున్న ఆయన మా వెనకే వచ్చాడు. వీరాస్వామి అని, టూరువాళ్ళకి కొబ్బరిబొండాలు కొట్టి ఇస్తాడు, నాకు తెలిసినవాడే. ఎప్పటినుంచో దీవిలోనే ఉంటాడు. తుపాను రోజున కూడా మడ చెట్టుకి తనని తాను తాడుతో కట్టుకుని బతికాడని చెబుతారు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. మసేనమ్మ చెప్పింది. ఆయన చుట్ట పారేశాడు.

"తుపానులో పోయినోళ్ళ తాలూకా?"

"నా కొడుకు."

వీరాస్వామి నావైపు చూశాడు, చెప్పనా వద్దా అని నన్ను అడుగుతున్నట్టు. ఆయనే మొదలుపెట్టాడు. "ఇక్కడికి కొట్టుకొచ్చారమ్మా. మూడోరోజు, నాలుగోరోజు. పదిమందికి పైనే. మేం మిగిలినోళ్ళం కలిసి అదిగో, ఆ సరుగుడు మొక్కల కింద పూడ్చాం. గుర్తుపట్టేలా లేరు. ఒంటిమీద గుడ్డ కూడా లేదు, ముఖాలు…" అని ఆపేశాడు.

"మా ఊరోళ్ళకి తెలీదా?" అని సత్యకుమారి అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"మీ పెద్దలొచ్చి చూశారమ్మా. ఎవరు ఎవరో తేల్చుకోలేకపోయారు. ఆడోళ్ళకి చెప్పొద్దన్నారు. చెబితే ప్రతి తల్లీ ప్రతి పెళ్ళామూ తవ్వి చూపించమంటదని. ఎలాగూ ఆడోళ్ళు పడవెక్కి ఇక్కడికి రారు కదా అన్నారు."

ఊళ్ళో మగవాళ్ళందరికీ తెలిసిన సంగతి, ప్రతి పొద్దునా ఆ పిల్ల ఒడ్డంతా వెతుకుతుంటే చూస్తూ కూడా ఎవరూ చెప్పని సంగతి. నాకు వాళ్ళమీద ఒళ్ళు మండింది. ఆ తర్వాత, నేనే వాళ్ళలో ఒకణ్ణయితే ఏం చేసేవాణ్ణా అనుకున్నాను.

సత్యకుమారి సరుగుడు మొక్కలవైపు వెళ్ళింది. వాటి కింద ఏమీ లేదు, రాలిన ఆకులు, ఇసుక. కాసేపు నిలబడింది. వంగి అరచేతిని ఇసుకమీద పెట్టింది. ఇంకోచోట పెట్టింది. ఇంకోచోట. తర్వాత లేచి చేయి దులుపుకుని వచ్చింది.

"సరే అత్తా. వదులు" అంది.

నీళ్ళు వదలడం మగవాడి చేతిమీదే జరగాలి. వీరాస్వామి తను చేస్తానన్నాడు. మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగాడు. అత్తాకోడళ్ళు అల అందేచోట నిలబడ్డారు. ముసలావిడ మూట విప్పి నువ్వులూ బియ్యమూ ఆయన దోసిట్లో పోసింది. తెచ్చుకున్న చెంబులోని నీళ్ళు పోసింది. ఏడేళ్ళుగా ఆవిడ ఎదురుచూసిన పని అది.

"పేరు చెప్పమ్మా" అన్నాడు వీరాస్వామి. "పేరుతోనే వదలాలి."

మసేనమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. బస్సులో పదిసార్లు చెప్పిన పేరే. పెదవులు కదిలాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. వీరాస్వామి దోసిలి సందుల్లోంచి నీళ్ళు జారిపోతున్నాయి. "తొందరగా చెప్పమ్మా" అన్నాడు.

"లోవరాజు" అంది సత్యకుమారి.

పెళ్ళయినప్పటినుంచీ ఆ పేరు ఆ నోట వచ్చి ఉండదు. మా వైపు ఏ ఇల్లాలూ మొగుణ్ణి పేరుపెట్టి అనదు, ఆఫీసులో అడిగినా పక్కవాళ్ళచేత చెప్పిస్తారు. అందుకే కాబోలు, కొత్త మాట పలికినట్టు జాగ్రత్తగా, అక్షరం అక్షరమూ పలికింది. వీరాస్వామి ఆ పేరే మళ్ళీ అని దోసిలి వదిలేశాడు. నువ్వులు కాసేపు నురగమీద తేలాయి.

మసేనమ్మ వెనక్కి తిరిగి కోడలి వీపుమీద కొట్టింది. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. బలం లేని దెబ్బలు.

"ఎందుకన్నావే? నువ్వెందుకన్నావే? నేను లేడంటే నువ్వు ఉన్నాడనేదానివి. ఏడేళ్ళూ నేను లేడు లేడని అనగలిగింది నువ్వలా అంటావనే కదే. ఇప్పుడు నువ్వూ అనేశావు. ఇంక నా కొడుకు వస్తాడనే మనిషి ఎవరున్నారే?"

ఇసుకలో కూలబడిపోయింది. నేను పట్టుకోబోతే సత్యకుమారి వద్దన్నట్టు చేయి ఊపింది. దూరంనుంచి విశ్వనాథరాజుగారు చప్పట్లు కొట్టి పిలుస్తున్నారు, ఆటుకి నీళ్ళు వెనక్కిపోయి లాంచీ ఇసుకలో దిగబడుతుందట. ఆయనకి ఏమీ తెలీదు పాపం.

సత్యకుమారి అత్తగారి పక్కన కూర్చుని, తలని ఒళ్ళోకి తీసుకుంది. చెంగుతో ముఖం తుడిచింది. చాలాసేపు తుడుస్తూనే ఉంది. ఆ ముసలావిడ ఏడుపు ఆగలేదు. చివరికి సత్యకుమారి వంగి, చంటిబిడ్డకి చెప్పినట్టు, నెమ్మదిగా అంది.

"అలాగే అత్తా. వస్తాడు. నేను అంటాన్లే, లే."